పసిబిడ్డకు నొప్పి తెలియదా?

రెండేండ్ల క్రిందట మా చిన్నవానికి మూడవ నెల నడచుచుండగా, ఒకనాడు నీళ్లు పోయునప్పుడు వాని కుడి గజ్జలో ఉసిరికాయంత పొంగు కనబడినది. వాడు ఏడ్చినప్పుడు అది ఉబ్బును; నిద్రపోయినప్పుడు అణగిపోవును. వైద్యునికి చూపగా, పొట్టలోని ప్రేగు గజ్జలోనికి జారుచున్నదనియు, దీనిని హెర్నియా అందురనియు, ఇంత చిన్న బిడ్డలలో ఆ ప్రేగు అచ్చటనే చిక్కుకొని రక్తము ఆడక చెడిపోవు భయము కలదు గనుక ఆలస్యము చేయక శస్త్రచికిత్స చేయించవలెననియు చెప్పిరి.

ఆ రాత్రి మా యింట ఎవరికిని అన్నము సహింపలేదు. మా అత్తగారు బిడ్డను ఒడిలో వేసికొని, “అమ్మాయీ! మూడు నెలల గుడ్డుకు మత్తుమందు లెందుకు? వానికి నొప్పి యేమి తెలియును? కాసేపు ఏడ్చి, పాలు త్రాగి మరచిపోవును. ఆ మత్తు తలకెక్కి రేపు పిల్లవాడు మందబుద్ధి యైనచో ఎవరు పూచీ?” అనిరి.

ఆమె మాటలో ప్రశ్నలు రెండు గలవు. పసిబిడ్డకు నొప్పి తెలియునా తెలియదా యన్నది మొదటిది. తెలిసినచో, దానిని పోగొట్టు మందు బిడ్డ మెదడునకు చెరుపు చేయునా యన్నది రెండవది. ఈ రెండును తేలువరకు మాకు కంటికి కునుకు రాలేదు. శస్త్రమునకు నిర్ణయించిన దినమునకు ఇంకను వారము గడువుండెను. ఆ వారములో మేము చదివినదియు, వైద్యులను విసిగించి తెలిసికొన్నదియు సోదరీమణుల కొరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదటి ప్రశ్నకు జవాబు తల్లులకు ఎవరును చెప్పనక్కర లేదని మేమనుకొంటిమి. తల్లి గర్భములో నుండగనే ప్రహ్లాదుడు నారదుని ఉపదేశమును వినెనని చిన్ననాటినుండి చదువుకొన్న వారము మనము. వినగల బిడ్డకు నొప్పి తెలియదనుట యెట్లు? కాని అత్తగారి మాట ముసలితనపు చాదస్తము కాదనియు, 1980వ దశాబ్దము వరకు పశ్చిమదేశములలోని పెద్ద పెద్ద ఆసుపత్రులలో గొప్ప వైద్యులలో అనేకులు అదే మాట అనుచుండిరనియు తెలిసినప్పుడు మేము నిర్ఘాంతపోతిమి.

వారి వాదమునకు ఆధారములు లేకపోలేదు. 1941లో అమెరికాలో మర్టిల్ మెక్‌గ్రా అను విదుషీమణి డెబ్బదియైదుగురు శిశువులను గుండుసూదితో గ్రుచ్చి చూచి, పుట్టిన తొలి దినములలో కొందరు బిడ్డలు అంతగా చలింపరని వ్రాసెను. మరియు మన నాడులలో కొన్నింటికి దీపపు తీగకు రబ్బరు తొడుగువలె క్రొవ్వుతో నైన తొడుగు ఉండును. నవజాత శిశువులకు ఆ తొడుగు పూర్తిగా ఏర్పడి యుండదు గనుక నొప్పి యను వార్త మెదడునకు చేరదని తలచిరి. పెద్దవారి దేహములోను నొప్పిని మోయు నాడులలో అనేకములు తొడుగు లేనివో, పలుచని తొడుగు గలవో యని ఆ వాదము చేయువారు జ్ఞప్తికి తెచ్చుకొనరైరి. తొడుగు లేనిచో వార్త మెల్లగా చేరును గాని చేరకపోదు; బిడ్డ దేహములో అది నడువవలసిన దూరమును తక్కువయే.

ఇంకొక కారణము భయము. దీనిని మేము తేలికగా త్రోసివేయజాలము. నెలలు నిండకుండ పుట్టిన శిశువునకు గట్టి మత్తుమందు ఇచ్చినచో రక్తపుపోటు పడిపోయి, ఊపిరి నిలిచి, ప్రాణమే పోవునేమో యని వైద్యులు జంకిరి. అందువలన అనేక చోట్ల అట్టి శిశువులకు నైట్రస్ ఆక్సైడ్ అను తేలికపాటి వాయువును, దానితో క్యూరారే అను మందును మాత్రమే ఇచ్చి శస్త్రము చేయుచుండిరి. ఈ క్యూరారే దక్షిణ అమెరికా అడవులలో వేటగాండ్రు బాణములకు పూయు విషమునుండి వచ్చినది. అది కండరములను కదలనీయదు. అంతే. నొప్పిని తగ్గింపదు, తెలివిని మరపింపదు. అది ఎక్కిన బిడ్డ కాలు కదల్పలేడు, మొగము చిట్లింపలేడు, ఏడ్వలేడు. కత్తి క్రింద కదలక పడియున్న బిడ్డను చూచి, బాధ లేదు గాబోలునని అందరును ఊరడిల్లిరి!

1985లో అమెరికాలో నెలలు నిండకుండ పుట్టిన ఒక మగశిశువునకు గుండె దగ్గరి రక్తనాళమునకు ఇట్లే శస్త్రము చేసిరి. కొన్ని వారములకు ఆ బిడ్డ మరణించెను. కదలకుండ చేయు మందు తప్ప నొప్పిని అణచు మందేదియు తన బిడ్డకు ఇయ్యలేదని తల్లికి ఆ తరువాత తెలిసినది. ఆమె ఊరకుండలేదు. వైద్యులకు, పత్రికలకు, సంఘములకు ఉత్తరములు వ్రాసెను. 1986లో ఆమె కథ అక్కడి వార్తాపత్రికలలో వచ్చి ఆ దేశపు తల్లిదండ్రులను కలవరపరచినది. ఆ తల్లిని తలచుకొన్నప్పుడెల్ల మాకు మాట పెగలదు.

అదే కాలమున ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డునందు కన్వల్‌జీత్ ఆనంద్ అను యువవైద్యుడు పనిచేయుచుండెను. ఆయన కాశ్మీరమున పుట్టి, ఇందోరులో వైద్యము చదివిన మన దేశీయుడు. శస్త్రమునకు పోవునప్పుడు బాగుగనే యున్న శిశువులు తిరిగి వచ్చునప్పటికి పాలిపోయి, అలసి, నాడి చెదరి యుండుట ఆయన గమనించెను. లోపల ఏమి జరుగుచున్నది? బిడ్డ మాటలాడలేడు, క్యూరారే వలన ఏడ్వనును లేడు. కావున ఆయన బిడ్డ రక్తమును అడిగెను. మనిషికి తీవ్రమైన బాధ కలిగినప్పుడు రక్తములో అడ్రినలిన్ మొదలగు రసములు పొంగును, చక్కెర హెచ్చును. నెలలు నిండని పదునారుగురు శిశువులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా పంచి, ఒక జట్టుకు వాడుకలో నున్న వాయువును క్యూరారేను మాత్రమే యిచ్చి, రెండవ జట్టుకు వానితోపాటు ఫెంటానిల్ అను గట్టి నొప్పిమందును కూడ ఇచ్చిరి. నొప్పిమందు లేని బిడ్డల రక్తములో ఆ రసములు ఉప్పెనవలె లేచినవి. శస్త్రము తరువాత వారికే చిక్కులు హెచ్చుగా వచ్చినవి. ఫెంటానిల్ పొందిన బిడ్డలు దానిని చక్కగా తట్టుకొనిరి. 1987లో ఇది లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడినది. ఆ యేడే అమెరికా శిశువైద్యుల అకాడమీవారు, పసిబిడ్డలకును నొప్పిమందు లిచ్చియే శస్త్రము చేయదగునని ప్రకటించిరి. తరువాత 1992లో, గుండెశస్త్రము జరిగిన నలువదియైదుగురు నవజాత శిశువులను చూడగా, మత్తును నొప్పిమందును నిండుగా పొందిన ముప్పదిమందిలో ఒక్కరును మరణింపలేదనియు, తేలికగా పొందిన పదునైదుగురిలో నలుగురు మరణించిరనియు ఆనంద్‌గారును ఆయన తోడివారును తెలిపిరి. బిడ్డ సుఖము మాటయే కాదు, ప్రాణము మాట కూడ నని అప్పుడు తేటపడినది.

“మరచిపోవును” అన్నారు గదా మా అత్తగారు. దీనికిని ఒక పరిశోధన కలదు. కెనడాలోని టొరంటోలో అన్నా టాడియో అను ఆమెయు తోడివారును 1997లో ఎనుబదియేడుగురు మగశిశువులను చూచిరి. కొందరికి పుట్టిన తొలి దినములలో సున్నతి జరిగినది. వారిలో కొందరికి ముందుగా మొద్దుబార్చు లేపనము పూసిరి, కొందరికి ఉత్తి లేపనము పూసిరి. మిగిలిన వారికి సున్నతియే లేదు. నాలుగవ నెలలోనో ఆరవ నెలలోనో టీకా వేయునప్పుడు, సున్నతి లేని బిడ్డలకంటె ఉత్తి లేపనముతో కోత పడిన బిడ్డలు హెచ్చుగా బాధపడిరి. మందు లేపనము పొందినవారు నడుమ నిలిచిరి. నెలల తరువాత ఆ బిడ్డలకు పాత కోత మనస్సున మెదలినదని మేమనము. కాని దేహము మరువలేదు.

2015లో ఆక్స్‌ఫర్డులో రెబెక్కా స్లేటర్‌గారి జట్టువారు మరియొక అడుగు వేసిరి. పుట్టి ఆరు దినములు దాటని పదిమంది శిశువులను, నిద్రలో నుండగా, మెదడును చిత్రించు ఎమ్మారై యంత్రములో పరుండబెట్టి, చర్మము తెగనంత మెల్లగా పాదమును మొనగల కడ్డీతో తాకిరి. పదిమంది పెద్దవారికిని అట్లే చేసిరి. పెద్దవారి మెదడులో నొప్పికి మేల్కొను స్థానములు ఇరువదియైతే, శిశువులలో పదునెనిమిది మేల్కొనెను. అంతకంటె వింత యేమనగా, చిన్న తాకుడుకే శిశువుల మెదడు స్పందించిన తీరు, దానికి నాలుగింతల గట్టి తాకుడునకు పెద్దవారి మెదడు స్పందించిన తీరును పోలియుండెను. పసిబిడ్డకు నొప్పి తెలియకపోవుట అటుండగా, మనకంటె సులువుగా తెలియునేమో!

ఇంటింటికిని కావలసిన మాట ఇప్పుడు చెప్పెదము. మన బిడ్డలలో శస్త్రము పాలగువారు కొలదిమంది; టీకాసూది తప్పనివారు లేరు. ఆరవ, పదవ, పదునాలుగవ వారములలో బిడ్డను కేంద్రమునకు ఎత్తుకొని పోవుచునే యుందుము. అచ్చట బల్లపై పరుండబెట్టి, కాళ్లు అదిమిపట్టి, తల్లిని ప్రక్కకు పొమ్మనుట కొన్నిచోట్ల వాడుక. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015లో చెప్పినది దీనికి విరుద్ధము. బిడ్డ తల్లి చేతిలోనే యుండవలెను. పాలు త్రాగు బిడ్డ యైనచో సూది వేయునప్పుడుగాని, దానికి కొంచెము ముందుగాని పాలియ్యవలెను. ఒకే దినమున పెక్కు సూదులున్నచో మిక్కిలి బాధించు దానిని చివర వేయవలెను. పాలిచ్చుచు సూది వేయించుటను గూర్చి జరిగిన పది పరీక్షలను, 1,066 మంది శిశువుల లెక్కలను 2016లో ఒకచోట చేర్చి చూడగా, పాలు త్రాగుచున్న బిడ్డలు సుమారు అరనిమిషము పైగా తక్కువ ఏడ్చిరని తేలినది. అరనిమిషమే గదా యని పురుషులు నవ్వవచ్చును. టీకాకేంద్రపు గుమ్మమున నిలిచిన తల్లికి ఆ అరనిమిషపు పొడవు తెలియును.

సూదికి ముందు బిడ్డను వట్టి యొడలితో తల్లి రొమ్మునకు హత్తుకొనుటయు మంచిదే. 2000వ యేట బోస్టనులో ముప్పదిమంది నవజాత శిశువులపై చేసిన పరీక్షలో, మడమ నుండి రక్తము తీయునప్పుడు తల్లి యెదపై నున్న బిడ్డల ఏడ్పు, తొట్టిలోని బిడ్డల ఏడ్పుకంటె నూటికి 82 వంతులు తగ్గినది.

చెవులు కుట్టించునప్పుడు బిడ్డ నాలుకపై చక్కెర పలుకు వేయుట మన యిండ్లలో నున్నదే. ఆసుపత్రులలోను చక్కెరనీటి చుక్కలు ఇచ్చి మడమ గ్రుచ్చుట చాల కాలముగా నడచుచున్నది. ఏడు వేలమందికి పైగా శిశువుల లెక్కలు చూచి, ఏడ్పును మొగపు ముడుతలును తగ్గునని పండితులు తేల్చిరి. ఐనను 2010లో లండనులో, ఇందాక చెప్పిన స్లేటర్‌గారే మెదడులోని విద్యుత్తును కొలిచి చూడగా, చక్కెర నాకిన బిడ్డ మొగము నెమ్మదిగా నున్నను, మెదడులోని నొప్పిగుర్తు మాత్రము తగ్గినట్లు కనబడలేదు. ఇది చదివినప్పుడు మాకు ఆ క్యూరారే జ్ఞప్తికి వచ్చి ఒళ్లు జలదరించినది. పండితులలో ఈ వివాద మింకను తెగలేదు. చక్కెర వలదని మేమనము. వైద్యులు ఇచ్చినచో ఇయ్యనిండు. ఇంటిలో మాత్రము తల్లిపాలుండగా వేరొకటి ఎందుకు? తీపి యను పేరుతో తేనె నాకించుట మాత్రము యేడాది నిండని బిడ్డకు బొత్తిగా కూడదు. తేనెలో ఒక్కొక్కప్పుడు ఉండు సూక్ష్మక్రిమి బిడ్డ ప్రేగులలో పెరిగి, నరములను పట్టుకొనిపోవునట్లు చేయు విషమును పుట్టించును.

ఇక రెండవ ప్రశ్న. అత్తగారి భయమునకు ఇచ్చటను మూలము కలదు. 2003లో ఏడుదినముల యెలుకపిల్లలకు ఆరుగంటలపాటు మత్తుమందు లిచ్చి చూడగా వాని మెదడులో కణములు నశించెను. పెరిగిన పిమ్మట నేర్చుకొను శక్తియు తగ్గెను. ఆ వార్త తల్లిదండ్రులను గుండెలు బాదుకొనునట్లు చేసినది. 2016 చివర అమెరికా మందుల శాఖవారు, మూడేండ్ల లోపు బిడ్డలకు మూడుగంటలకు మించియో, మాటిమాటికియో మత్తు ఇచ్చుట మెదడు పెరుగుదలకు హాని చేయవచ్చునని హెచ్చరించిరి.

ఎలుక ఎలుకయే, బిడ్డ బిడ్డయే. అందుచే మెల్‌బోర్నులోని ఆండ్రూ డేవిడ్‌సన్‌గారి నాయకత్వమున ఏడు దేశములలోని ఇరువదియెనిమిది ఆసుపత్రులవారు కలిసి పూనుకొనిరి. వారు ఎంచుకొన్న జబ్బేదనగా, గజ్జలోని హెర్నియా! మా వానిదే. ఆ మాట కంటబడినప్పుడు మేము లేచి దీపమును దగ్గరకు లాగుకొంటిమి. 722 మంది శిశువులను రెండు జట్లుగా పంచి, కొందరికి పూర్తి మత్తునిచ్చియు, కొందరికి మెలకువగా నుండగనే నడుము క్రింది భాగమును మాత్రము మొద్దుబార్చియు శస్త్రము చేసిరి. పూర్తి మత్తు సుమారు యేబదినాలుగు నిమిషములు సాగినది. పిమ్మట యేండ్ల తరబడి ఆ బిడ్డలను వెంబడించిరి. రెండేండ్లకు చూచిన ఫలితము 2016లోను, ఐదేండ్లకు చూచినది 2019లోను వెలువడెను. ఐదేండ్ల వయస్సున బుద్ధిబలపు సగటు లెక్క ఒక జట్టున 99.08, మత్తు పొందిన జట్టున 98.97. ఇది భేదము కాదు.

దీనికి మేరలు గలవు. ఒక్కసారి, గంటకు లోపుగా ఇచ్చిన మత్తునకే ఈ మాట చెల్లును. నాలుగైదు గంటల శస్త్రములకు, పలుమారులు చేయు శస్త్రములకు దీనిని అన్వయింపరాదు. మరియు గజ్జ హెర్నియా మగబిడ్డలలోనే హెచ్చు గనుక ఆ 722 మందిలో ఆడబిడ్డలు తక్కువ. పరీక్షలలో కూడ ఆడపిల్లల పాలు చిన్నదే యగుట మా కంట గ్రుచ్చుకొన్నది.

నొప్పి కలదని తెలిసినంత మాత్రమున ఏ మందైనను ఇయ్యవచ్చుననుటయు తప్పే. ఆక్స్‌ఫర్డువారు నెలలు నిండని శిశువులకు కంటిపరీక్షకు ముందు నోటిద్వారా మార్ఫీను ఇచ్చి చూడదలచి, 156 మందిని చేర్చుకొనవలెనని మొదలుపెట్టి, 31 మందితోనే ఆపివేసిరి. మందు పొందిన బిడ్డలలో ఊపిరి చిక్కులు హెచ్చినవి. నొప్పి తగ్గిన జాడయు కనబడలేదు. 2018లో వారు దానిని దాచక ప్రకటించిరి. ఆ మందు ఏది, ఎంత, ఎప్పుడు అన్నది తెలిసిన చేయి కావలెను గాని, ఇంటిలోని సీసాలు వెదకరాదు.

శస్త్రమునకు ముందుదినము మత్తువైద్యురాలు మమ్ము పిలిచి, అరగంట సేపు కూర్చుండబెట్టి మాటలాడెను. పూర్తి మత్తు వాయువుతో నిచ్చి, బిడ్డ నిద్రించిన పిమ్మట వెన్ను చివర ఒక సూదితో నడుము క్రిందిభాగమును మొద్దుబార్చెదననియు, అందుచే లేచిన తరువాతను కొన్ని గంటలు నొప్పి తెలియదనియు, మత్తు కూడ తక్కువతో సరిపోవుననియు చెప్పెను. తల్లిపాలు శస్త్రమునకు నాలుగు గంటల ముందే ఆపవలెననియు, కడుపులో పాలున్నచో మత్తులో అవి పైకెగదన్ని ఊపిరితిత్తులలోనికి పోవుననియు రెండుమార్లు చెప్పించుకొని విడిచిపెట్టెను.

ఆ నాలుగు గంటలు మేము మరువలేము. వాడు రొమ్ము కొరకు తడుముకొని, దొరకక, గొంతు బొంగురుపోవునట్లు ఏడ్చెను. చూడవచ్చిన చుట్టమొకామె జాలిపడి, “ఉగ్గుగిన్నెతో రెండు చుక్కలు పోయుము, డాక్టరమ్మకు ఎట్లు తెలియును?” అనెను. పాలు కారి మా రవిక తడిసిపోయినది. మా చేయి గిన్నెవైపు పోనేపోయెను. అత్తగారు ఒక్క మాటయు పలుకక గిన్నెను తీసి బల్ల క్రింద పెట్టి, బిడ్డను భుజముపై వేసికొని వసారాలో అటునిటు తిరుగసాగిరి.

శస్త్రము గంట లోపుననే ముగిసినది. వాడు లేచి, ఏడ్చి, పాలు త్రాగి, త్రాగుచునే నిద్రపోయెను. ఇంటికి పోయిన పిమ్మట ఆరు గంటలకొకసారి ఇయ్యుడని, వాని బరువును తూచి లెక్కకట్టి, పారాసిటమాల్ చుక్కలు వ్రాసియిచ్చిరి. మరునాటి తెల్లవారుజామున మేము ఒళ్లు తెలియక నిద్రించుచుండగా భుజముపై చేయిపడినది. చూచునప్పటికి అత్తగారు గడియారము దగ్గర, చేతిలో మందుసీసాతో నిలిచియున్నారు.

“అమ్మాయీ, లెమ్ము. ఆరుగంట లైనది. వాడు ఏడ్చువరకు ఉండనేల?” అనిరి.